విజయనగరంలో ల్యాప్‌టాప్ కాపురం

అద్దె ఒప్పందం టైపు చేస్తున్న కుర్రాడు తెర మీంచి తల తిప్పకుండానే "వృత్తి?" అన్నాడు. "ఇంటి దగ్గర్నుంచే పని" అన్నాను. టకటకా కొట్టేసి, ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నా పేరు, నాన్న పేరు, వయసు 32 సంవత్సరాలు, వృత్తి: గృహిణి.

"బాబూ, నాకింకా పెళ్ళే కాలేదు" అన్నాను.

"పర్లేదు మేడమ్, ఇవన్నీ ఎవరు చూస్తారు?" అన్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న ఇంటి ఓనరు మాస్టారు కూడా అదే అన్నారు. ఇంకో స్టాంపు కాగితం కొనాలంటే మళ్ళీ తిరుగుడు, బయట జూలై ఉక్కపోత. సంతకం పెట్టేశాను. 2024లో విజయనగరంలో నా కాపురం అలా మొదలైంది. ఎవరూ చూడరన్న ఆ కాగితాన్ని మా హెచ్ఆర్ వాళ్ళు చూశారు. ఆ గొడవ తర్వాత చెప్తాను.

నేను అసలు వెళ్దామనుకున్నది పోర్చుగల్. మా టీంలో హైదరాబాదు అబ్బాయి ఒకడు అంతకు ముందు ఏడాది ఎవొరా అనే ఊరికి మకాం మార్చాడు. అలెంతేజో అని, ద్రాక్షతోటలకీ వైన్‌కీ పేరున్న ప్రాంతం. లిస్బన్‌తో పోలిస్తే ఖర్చు తక్కువ. వీడియో కాల్‌లో వాడి వెనక తెల్లటి గోడలు, వాటికి పసుపు అంచులు కనిపించేవి. బెంగళూరులో నా వెనక పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు కనిపించేది. ఆ ట్యాంకు చూడటానికి నెలకు 19 వేలు కడుతున్నానే అనిపించి, ఒక ఆదివారం కాగితం కలం పట్టుకు కూర్చున్నాను. ఇలా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఎక్కడి నుంచైనా పని చేసుకునేవాళ్ళకి పోర్చుగల్ 2022 అక్టోబరు నుంచి ప్రత్యేకంగా వీసా ఇస్తోంది. దానికి అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం చూపించాలి. 2024లో అది నెలకు 3,280 యూరోలు. మన డబ్బులో మూడు లక్షలకు కాస్త తక్కువ. నా జీతం అందులో మూడో వంతు. సాయంత్రం టీ తాగే వేళకి పోర్చుగల్ ముచ్చట తీరిపోయింది.

కాగితం మాత్రం పారేయలేదు. వాడికి ఆ ఊళ్ళో ఏం నచ్చిందో అడిగి రాసుకున్నాను కదా: తక్కువ అద్దె, నడిచి తిరిగెయ్యగలిగే పాత ఊరు, చుట్టూ కోట గోడ, రైలెక్కితే గంటా గంటన్నరలో మహానగరం. ఇవన్నీ మన దగ్గర ఎక్కడున్నాయా అని ఆలోచిస్తే, మూడేళ్ళ కిందట రూమ్మేట్ పెళ్ళికి వెళ్ళిన విజయనగరం గుర్తొచ్చింది. అక్కడ 1713 నాటి కోట ఉంది. దాని ముందు నుంచి నడిస్తే పావుగంటలో గంట స్తంభం, మూడు లాంతర్ల కూడలి, పెద్ద చెరువు గట్టు అన్నీ అయిపోతాయి. జంక్షన్‌లో రైలెక్కితే గంటలో విశాఖపట్నం. ఇదంతా చెప్తే ఎవొరా అబ్బాయి "మరి వైన్?" అన్నాడు. "తాటిచెట్లున్నాయి" అన్నాను. అప్పటికి అది సరదాకి అన్నమాటే.

మా మేనేజరు ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఇల్లు దొరకడానికి పది రోజులు.

నాది తెనాలి. మా వైపు కొత్తమనిషి కనిపిస్తే "ఏ ఊరు, ఎవరమ్మాయివి?" అంటారు. ఇక్కడ అడిగే మాట ఒక్కటే: "ఎవరి తాలూకమ్మా?" ఆ తాలూకులో అన్నీ ఉంటాయి. ఊరు, ఇంటిపేరు, కులం, ఉద్యోగం, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి గుమ్మం తొక్కాలి, అంతా. మొదటి ఇంట్లో తెలివిగా "నా తాలూకు నేనేనండీ" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గేటు వేసేసింది.

పదకొండు ఇళ్ళు చూశాను. కంటోన్మెంట్‌లో ఒకాయన నా కంపెనీ ఐడీ కార్డుని ఫోనులో ఫోటో తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "పగలూ రాత్రీ కంప్యూటర్ ఆడితే కరెంటు బిల్లెవరిది?" అన్నారు. మీటరు వేరే ఉందని చూపిస్తే "మీటరు వేరే అయినా వైరు మాదే కదా" అన్నారు. ఈ రోజుకీ నాకు అందులో లాజిక్ అర్థం కాలేదు. ఇంకో చోట భర్త ఉద్యోగం ఏమిటన్నారు. ఇంకో చోట ఉద్యోగం పోయిందా అని జాలిపడ్డారు. ఒక పెద్దావిడ అయితే "బెంగళూరులో జీతం తీసుకుంటూ ఇక్కడికెందుకొచ్చేవు, ఏటి జరిగింది?" అని గొంతు తగ్గించి అడిగింది. ఏదో జరిగే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఏమీ జరగలేదంటే నమ్మించడం చాలా కష్టమని ఆ రోజు తెలిసింది.

ఎనిమిదో రోజు ఓటమి ఒప్పుకుని నా రూమ్మేట్ వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే ఆటోలో వచ్చి, తోటపాలెంలో ఒక మేడింటి ముందు దిగి, "మా అమ్మాయి తాలూకు" అంది. అంతే. లోపల కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు. మేడ మీద రెండు గదులు, వంటిల్లు, ముందు ఖాళీ డాబా. దాని మీదికి పక్కింటి మామిడిచెట్టు సగం వాలిపోయి ఉంది. అద్దె ఆరున్నర వేలు, అడ్వాన్సు మూడు నెలలు. బెంగళూరులో నేనిచ్చిన అడ్వాన్సు లక్ష. రెండేళ్ళు వాళ్ళ దగ్గరే నిద్రపోయింది, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని అందులో పదిహేను వేలు కోసుకున్నారు కూడా.

ఓనరు రిటైరయిన సోషల్ మాస్టారు. ఆయన భార్యని పిన్నిగారు అనడం మొదటి రోజే అలవాటయింది. ఒప్పందం పదకొండు నెలలకే రాశాం, అందరూ రాసినట్టే.

ఇంటర్నెట్ సంగతి కాస్త వివరంగా చెప్తాను. ఇలా చిన్న ఊరికి రావాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది అదే. అడ్వాన్సు ఇవ్వకముందే రెండు కంపెనీల సిమ్ములున్న ఫోను పట్టుకుని రెండు గదులూ, వంటిల్లూ, డాబా నాలుగు మూలలూ తిరిగాను. పిన్నిగారు కింద నుంచి చూస్తూ వాస్తు చూస్తున్నాననుకున్నారట. చూడాల్సింది డౌన్‌లోడ్ ఒక్కటే కాదు. మనం మాట్లాడేది అవతలికి వెళ్ళాలంటే అప్‌లోడ్ బాగుండాలి. డాబా దక్షిణం మూలన ఒక సిమ్ముకి బ్రహ్మాండంగా వచ్చింది, గదిలో అదే సిమ్ముకి సగం కూడా లేదు. ఆ మూలని గుర్తు పెట్టుకున్నాను. తర్వాత చాలాసార్లు పరువు కాపాడిన మూల అది.

ఫైబర్ వైరు పెట్టడానికి రేపొస్తానన్న కుర్రాడు నాలుగో రోజు వచ్చాడు. వచ్చాక పని మాత్రం శుభ్రంగా చేశాడు. వాడు చెప్పిన ఒక ముక్క ఏ వీడియోలోనూ దొరకలేదు నాకు: "మేడమ్, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరిపోదు. వీధి చివర మా బాక్సుకి కూడా కరెంటు ఉండాలి. దాని బ్యాటరీ గంటా గంటన్నర లాగుతుంది, ఆ తర్వాత మీ రౌటర్‌లో లైట్లు వెలుగుతాయి గానీ నెట్ రాదు." సరిగ్గా అలాగే అయింది. ఆగస్టులో గాలివానకి రెండు గంటలు కరెంటు పోయింది. నా ఇన్వర్టర్ హాయిగా ఫ్యాను తిప్పుతోంది, రౌటర్ కళకళలాడుతోంది, క్లయింటు మొహం మాత్రం సగం నోరు తెరిచి తెర మీద బిగుసుకుపోయింది. గొడుగు వేసుకుని డాబా దక్షిణం మూలకి పరిగెత్తి, ఫోన్‌లోంచి మిగతా మీటింగ్ కానిచ్చాను. వర్షం చప్పుడికి అవతల ఆయన "బీచ్‌లో ఉన్నావా?" అన్నాడు.

వీధి బాక్సు నా చేతిలో లేదు గానీ, ఇంట్లో ఇంకో చిక్కుని మాత్రం చాలా చిన్న వస్తువుతో సరిచేసుకున్నాను. రౌటరుకి కావాల్సింది పన్నెండు వోల్టులే. దానికని అరచేతంత బ్యాటరీ డబ్బా పదిహేను వందల లోపు దొరుకుతుంది. అది కరెంటు పోయే క్షణానికీ ఇన్వర్టర్ అందుకునే క్షణానికీ మధ్య రౌటర్ ఆగి మళ్ళీ మొదలయ్యే ఆ రెండు నిమిషాలు మింగేస్తుంది. ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ కలిపి ఇరవై వేలు దాటింది. బల్లకీ, మంచి కుర్చీకీ ఇంకో ఏడు వేలు. చవక ఊరికి వచ్చి మొదటి నెలలోనే ఇంత తగలేశానేమిటని బాధ వేసింది గానీ, నడుం బాగున్నంత కాలం కుర్చీ ఖర్చు ఖర్చు కాదు.

ఇక హెచ్ఆర్. పని చేసే రాష్ట్రం మారితే వాళ్ళకి చెప్పాలి. నెలనెలా కోసే ప్రొఫెషనల్ ట్యాక్స్ కర్ణాటకకి వెళ్ళేది ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాలి. అప్పట్లో రెండు చోట్లా రెండు వందలే, అయినా కాగితం కాగితమే. చిరునామా రుజువుకి అద్దె ఒప్పందం పంపాను. రెండో రోజు మెయిల్ వచ్చింది: మీరు మా దగ్గర ఉద్యోగం చేస్తున్నట్టు మా రికార్డుల్లో ఉంది, మీ ఒప్పందంలో గృహిణి అని ఉంది, దయచేసి వివరించగలరు. పేజీ మీద పెన్నుతో కొట్టేసి, పక్కన రాసి, మాస్టారి చేత పొట్టి సంతకం చేయించి మళ్ళీ పంపాను. అంతకన్నా పెద్ద దెబ్బ నేనే కనిపెట్టుకున్నాను. ఇంటి అద్దె మీద వచ్చే పన్ను మినహాయింపు లెక్కలో, కట్టే అద్దెలోంచి బేసిక్ జీతంలో పదో వంతు తీసేస్తారు. నా బేసిక్ నలభై వేలు. బెంగళూరులో 19 వేలలోంచి నాలుగు వేలు పోతే నెలకి పదిహేను వేలకి మినహాయింపు ఉండేది. ఇక్కడ ఆరున్నర వేలలోంచి నాలుగు పోతే మిగిలింది రెండున్నర. అద్దె తగ్గించుకున్నందుకు పన్ను పెరిగింది! ఒక రాత్రంతా లెక్కలు వేసి కొత్త పన్ను విధానంలోకి మారిపోయాను. మాస్టారికి మాత్రం ఇందులో ఒక ఊరట: ఏడాది అద్దె లక్ష దాటితేనే ఓనరు పాన్ నంబరు అడుగుతారు. పాన్ మాట ఎత్తగానే ఆయన ముఖంలో రంగు మారింది, 78 వేలే కదా అక్కర్లేదనగానే తిరిగి వచ్చింది.

మా క్లయింటు లండన్‌లో. నా పని మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలై రాత్రి పదింటి దాకా. మొదటి వారం గడిచాక పిన్నిగారు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, "తినీసేవా?" అన్నారు. ఇక్కడివాళ్ళ మాటల్లో ఈ 'ఈసే' నాకు భలే ఇష్టం. తినీసేవా, వచ్చీసేవా, కడిగీసేవా. పని పూర్తయిందా లేదా అన్నది అందులోనే తేలిపోతుంది. తినేశానన్నాను. "మరేం లేదు తల్లీ, రాత్రి తొమ్మిదింటికి ఎవరితో ఇంగ్లీషులో దెబ్బలాడతావు రోజూ?" అన్నారు. దెబ్బలాట కాదండీ, మీటింగ్ అన్నాను. మర్నాడు హెడ్‌ఫోన్ తీసి ఆవిడకి వినిపించాను. ఒక నిమిషం విని, "మగమనిషి ఎంత నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, నువ్వే అరుస్తున్నావు" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయారు. నిజమే. అప్పటి నుంచి గొంతు తగ్గించాను.

అద్దె ఆరున్నర వేలే. మిగతాది జవాబుల్లో కట్టాలి ఈ ఊళ్ళో. కూరలాయనకి, ఇస్త్రీ ఆవిడకి, ఎదురింటి మామ్మకి, గ్యాస్ తెచ్చే అబ్బాయికి. ఎక్కడ పని చేస్తావు, ఆఫీసు ఎక్కడ, ఆఫీసు లేకపోతే జీతం ఎవరిస్తారు, ఎప్పుడు వెళ్ళిపోతావు. బెంగళూరులో రెండేళ్ళు ఉన్న అపార్టుమెంటులో ఎదురు ఫ్లాటువాళ్ళ పేరు తెలియదు నాకు. అది స్వేచ్ఛ అనే అనుకున్నాను, ఇప్పటికీ కొన్ని రోజులు అనుకుంటాను. తలుపు వేసుకుని ఏడవాలనిపించిన రోజు కూడా "కళ్ళు అలా ఉన్నాయేటి?" అని అడిగే ఊరు మనిషిని విసిగిస్తుంది. ఆ ప్రశ్న వెనకే వేడి వేడి చోడి అంబలి గ్లాసు వస్తుంది కాబట్టి ఊరుకుంటాం. చోడి అంటే మా వైపు రాగులు. మొదటిసారి పిన్నిగారు "చోడి తాగుతావా?" అంటే సోడా అనుకుని నిమ్మకాయ అడిగాను.

గదిలో ఒక్కదాన్నీ కూర్చుని విసుగొచ్చి జిల్లా గ్రంథాలయానికి వెళ్ళి చూశాను. అప్పుడే 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించిన రోజులు. ప్రతి కుర్చీలో ఒక అభ్యర్థి, ప్రతి బల్ల మీద గైడ్లు, మంచినీళ్ళ సీసాలు. వాళ్ళ మధ్య ల్యాప్‌టాప్ తెరిచి టైపు కొడుతుంటే, ఆ చప్పుడుకి పక్కనున్న అమ్మాయి మూడుసార్లు తలెత్తి చూసింది. పెన్సిలు కింద పడితే వినపడే చోట నేను టపటపా కొడుతున్నాను. మూసేసి వచ్చేశాను. ఈ విషయం చెప్తే పిన్నిగారు "నువ్వూ డీఎస్సీకి కట్టీకూడదా? డిగ్రీ ఉంది కదా" అన్నారు. నా జీతం ఎంతో ఆవిడకి తెలుసు, అయినా అది ఆవిడ లెక్కలో ఉద్యోగం కాదు. ఆఫీసు లేదు, పెన్షన్ లేదు, బదిలీ కూడా లేదు.

మాస్టారు వేరే. అక్టోబరు చివర్లో లండన్ గడియారాలు గంట వెనక్కి జరిగి నా పని రెండింటికి మొదలై పదకొండింటికి ముగియడం మొదలైతే, ఆయనకి పండగే అయింది. అటక మీంచి స్కూలు రోజుల గ్లోబు దింపించారు. "మన దేశం టైమంతా 82న్నర డిగ్రీల రేఖ మీద నడుస్తుంది, అది మన కాకినాడ దగ్గర్లోంచే పోతుంది, తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. మరి మనం కాకినాడకి తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు మన ఊళ్ళో గడియారం కన్నా మూడు నిమిషాల పైచిలుకు ముందుంటాడట. "కాబట్టి నువ్వు మీ వాళ్ళకి ఎప్పుడూ లేటు కాదు" అని తేల్చారు. ఈ వాదన నేను మేనేజరు దగ్గర వాడాను. పని చెయ్యలేదు.

పైడితల్లి అమ్మవారి పండగకి నేను ముందే సెలవు పెట్టి ఉండాల్సింది. 2024లో సిరిమాను ఊరేగింపు అక్టోబరు 15న పడింది, విజయదశమి వెళ్ళాక వచ్చే మొదటి మంగళవారం. అదే రోజు మా రిలీజు, అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల. ముందు రోజు, తొలేళ్ళ రాత్రి నుంచే ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది, ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం. నాలుగు వీధుల అవతలి మైకు నా గదిలోనే పెట్టినట్టుంది. మంగళవారం మధ్యాహ్నం కాల్‌లో చేరి మైకు మ్యూట్ చేసి, ఎవరైనా అడిగినప్పుడు మాత్రం చాట్‌లో టైపు చేశాను. మూడింటికి పిన్నిగారు తలుపు కొట్టి, "ఆ పెట్టె మూసీ, అమ్మవారొస్తే లండన్ ఆగదేటి?" అన్నారు. అరగంట విరామం అని రాసి పరిగెత్తాను. జనం మీద జనం. ముందు తెల్ల ఏనుగు, జాలరి వల, పాలధార, ఆ వెనక ఆకాశంలో వంగిన చింతమాను, దాని కొసన చిన్న పీట మీద పూజారి. అరటిపళ్ళు గాల్లో ఎగురుతున్నాయి. కోట వైపు వెళ్ళి తిరిగి రావడం మూడుసార్లు చేస్తారు, నేను ఒక్కసారే చూశాను. అరగంట అన్నది గంటన్నర అయింది. ఆ గంటన్నరలో రిలీజు దానంతటదే అయిపోయింది. ఈ ఒక్క సంగతి నాకు ఉద్యోగం గురించి చాలా అనుమానాలు తెచ్చిపెట్టింది.

ఖర్చు లెక్క అడిగేవాళ్ళకి: అద్దె, నెట్, కరెంటు, గ్యాసు, తిండి, తిరుగుడు అన్నీ కలిపి నెలకి ఇరవై రెండు, ఇరవై మూడు వేలు. బెంగళూరులో నలభై ఐదు దాటేది. చవక కానివి కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్ కీబోర్డు పాడైతే విశాఖ పోవాలి, అది ఒక రోజు సెలవు. పళ్ళ డాక్టరు కోసమూ అక్కడికే వెళ్ళాను. అన్నిటికన్నా ఖరీదైనది తోడు. నా వయసువాళ్ళు ఈ ఊళ్ళో కనిపించరు. చదువుకునే పిల్లలున్నారు, రిటైరయినవాళ్ళున్నారు, మధ్యవాళ్ళంతా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు. సంక్రాంతికి రైళ్ళు వాళ్ళని దించుతాయి, కనుమ వెళ్ళగానే ఎక్కించుకుపోతాయి. మొదటి నాలుగు నెలలు సాయంత్రం విరామంలో నేను చేసిన పని ఒక్కటే, కోట పక్క సంగీత కళాశాల గోడ వెంట నడవడం. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. లోపల ఎవరో ఒకే వరుస తప్పుపోతూ, మళ్ళీ మొదలుపెడుతూ సాధన చేస్తుంటే వినడానికి హాయిగా ఉంటుంది. నాలాగే ఇంకెవరో ఈ ఊళ్ళో సాయంత్రమంతా ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు కదా అని.

తాటిచెట్ల మాట నిజమైంది మార్చిలో. పిన్నిగారి పుట్టిల్లు గంట్యాడ వైపు పల్లె. ఆదివారం తెల్లవారుజామున ఆటోలో వెళ్ళాం. అప్పటికే గీత గీసే ఆయన నడుముకి మోకు, కాళ్ళకి బంధం వేసుకుని ఎక్కుతున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. పైకి వెళ్ళి గెల కొసని కత్తితో పల్చగా, ఉల్లిపొర మందాన చెక్కాడు. రోజుకి రెండుసార్లు ఇలా చెక్కితేనే ధార ఆగకుండా కారుతుందట. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, కొయ్యకపోతే ఎండిపోతుంది. నల్లటి కుండ దింపి, తాటిపీచుతో చీమల్నీ తేనెటీగల్నీ వడకట్టి, తాటాకు దొన్నెలా మడిచి పోశాడు. పాల రంగు, పైన సన్నటి నురగ. తియ్యగా, కొబ్బరినీళ్ళకీ పులిసిన దోసెపిండికీ మధ్య ఎక్కడో ఉంది రుచి. ఇంకో కుండలో సున్నం పూశారు, అందులో పడినది పులియదు, దాన్ని నీరా అంటారు. పిన్నిగారు నీరా వద్దని కల్లే అడిగారు. రెండు దొన్నెలు ఖాళీ చేసి, పమిటతో మూతి తుడుచుకుని, "మాస్టారికి చెప్పకు" అన్నారు. మీ పిల్లలు ఎక్కుతారా అని గీత ఆయన్ని అడిగాను. "ఆల్లు బెంగళూరు ఎలిపోనారు" అన్నాడు. నేను అక్కడి నుంచే వచ్చానంటే నన్ను ఎగాదిగా చూశాడు.

వీడియో ఎవొరాకి పంపాను. అక్కడ కూడా మట్టి జాడీలేనట. మనిషంత ఎత్తు జాడీల్లో ద్రాక్షరసం పులియబెట్టి, నవంబరు 11న మొదటిసారి తెరిచి తాగుతారట, రోమన్ల కాలం నాటి పద్ధతి. మా కుండ నవంబరు దాకా కాదు, మధ్యాహ్నం దాకా కూడా ఆగదని రాశాను. "సీసాలో పోసి దాచుకో" అన్నాడు, తెలివైనవాడిలా. నేను అంతకన్నా తెలివైనదాన్ని, అప్పటికే ఒక లీటరు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టాను. లోపల పులుపు పనిచేస్తూనే ఉంటుంది, గాలి ఊరుతూనే ఉంటుంది. ఊరి పొలిమేర దాటే లోపు బ్యాగులో ఢామ్మని శబ్దం. ఆటో డ్రైవరు టైరు పేలిందనుకుని దిగి చూశాడు. అదృష్టం, ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. ఛార్జరు మాత్రం స్నానం చేసింది. గేటులో అడుగు పెట్టగానే మాస్టారు పేపరు కిందికి దించి, గాలి పీల్చి, "తియ్యగా ఉందా, పులిసిపోయిందా?" అన్నారు. పిన్నిగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళుగా ఆయనకి తెలియని రహస్యం అది.

జూన్‌లో పదకొండు నెలలు పూర్తయ్యాయి. అద్దె అయిదు వందలు పెంచుతానని మాస్టారు మొహమాటపడుతూ చెప్పారు. బేరం ఆడలేదు. అదే టైపు కొట్టుకి వెళ్ళాం. అదే కుర్రాడు పాత ఫైలు తెరిచి, తేదీలూ అద్దే మార్చేసి ప్రింటు ఇచ్చాడు. వృత్తి దగ్గర మళ్ళీ గృహిణి.

ఈసారి మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "ఒరేయ్, ఈ అమ్మాయి గృహిణేటిరా? రాత్రి పదకొండు దాకా లండన్‌తో మాట్లాడుతుంది. మార్చు."

"ఏటి కొట్టమంటారు మాస్టారూ?"

ఆయన కాసేపు ఆలోచించారు. "కంప్యూటర్ ఉద్యోగం, ఇంటి దగ్గర్నుంచి అని కొట్టు."

కుర్రాడు కొడుతూ నన్నొకసారి చూసి, ఆయన్ని అడిగాడు, "మేడమ్ ఎవరి తాలూకండీ?"

"మన తాలూకేరా, తొందరగా కానీ" అన్నారు మాస్టారు.

ప్రింటు వచ్చింది. వృత్తి సరిగ్గా ఉంది. వయసు మాత్రం మార్చడం మర్చిపోయాడు, ఇంకా 32 అనే ఉంది. నేను చూడనట్టు సంతకం పెట్టేశాను.